రెండేళ్ల పట్టా ఎవరికి, ఎక్కడిదాకా? అమెరికా అసోసియేట్ డిగ్రీపై ఒక సమీక్ష

అమెరికాలో హైస్కూలు ముగించిన విద్యార్థికి నాలుగేళ్ల బ్యాచిలర్స్ డిగ్రీ ఒక్కటే దారి కాదు. అందులో సగం కాలానికి, సుమారు 60 క్రెడిట్లకు అసోసియేట్ డిగ్రీ వస్తుంది. దేశం మొత్తం మీద ఏటా దాదాపు పది లక్షల మంది ఈ పట్టా అందుకుంటున్నారు. ఎక్కువగా ఇచ్చేవి కమ్యూనిటీ కాలేజీలు. ఇవి ప్రవేశ పరీక్షల వడపోత లేకుండా, వచ్చినవాళ్లందరినీ చేర్చుకునే ప్రభుత్వ కళాశాలలు. కాలేజ్ బోర్డు లెక్క ప్రకారం 2023-24లో ఇక్కడ స్థానిక విద్యార్థి ఏడాది ట్యూషన్ ఫీజు సగటున 3,990 డాలర్లు. అదే రాష్ట్రంలోని నాలుగేళ్ల ప్రభుత్వ కాలేజీలో 11,260 డాలర్లు.

ఫీజు తక్కువన్న విషయంలో పేచీ లేదు. పేచీ అంతా ఆ పట్టాతో ఏమవుతుందన్న దగ్గరే. పేదింటి పిల్లలకు ఉన్నత విద్యలోకి ఇంతకన్నా పెద్ద ద్వారం లేదని కొందరు అంటారు. వాళ్లను అసలు విశ్వవిద్యాలయం గడప తొక్కనివ్వకుండా మధ్యలో కూర్చోబెట్టే ఏర్పాటిదని మరికొందరు అంటారు. ఆర్థికవేత్తలు జీతాల లెక్కలు తీసి రెండు పక్షాలనూ కొంత సమర్థించారు, కొంత కాదన్నారు. ఈ వాదాలన్నీ చదివాక నాకు ఒకటి స్పష్టమైంది. ఈ పట్టా విలువను నిర్ణయించేది దాన్ని ఇచ్చే కాలేజీ కన్నా, తర్వాత దాన్ని అందుకునే విశ్వవిద్యాలయమో లైసెన్సు బోర్డో యజమానో. వాళ్లు ముందుగా ఏం రాసిచ్చారన్నదే కీలకం.

ఒకే పేరు కింద వేర్వేరు చదువులు

చర్చ చిక్కుపడటానికి మొదటి కారణం ఇది ఒకటే డిగ్రీ అనుకోవడం. అసోసియేట్ ఇన్ ఆర్ట్స్, అసోసియేట్ ఇన్ సైన్స్ అనేవి ప్రధానంగా పైచదువు కోసం రూపొందినవి. నాలుగేళ్ల డిగ్రీలోని మొదటి రెండేళ్ల పాఠాలే వీటిలో ఉంటాయి: భాష, గణితం, చరిత్ర, ప్రయోగశాల శాస్త్రాలు, ఎంచుకున్న విభాగానికి పునాది కోర్సులు. అసోసియేట్ ఇన్ అప్లైడ్ సైన్స్ నేరుగా ఉద్యోగానికి తయారుచేసేది. రేడియాలజీ టెక్నీషియన్లు, వెల్డింగ్ నిపుణులు, విమానాల మెకానిక్‌లు తరచూ ఈ దారిలో వస్తారు. దీని కోర్సుల్లో చాలావాటిని విశ్వవిద్యాలయాలు తమ డిగ్రీలోకి లెక్కించవు. పేరులో ఉన్న ఒక్క మాట తేడాతో రెండేళ్ల శ్రమకు పైచదువు తలుపు తెరుచుకోవచ్చు, మూసుకోవచ్చు. చేరేటప్పుడు ఈ సంగతి తెలిసిన విద్యార్థులు తక్కువ. నా దృష్టిలో ఇది విద్యార్థి అజ్ఞానం కాదు, వ్యవస్థ లోపం.

పుట్టుకలోనే రెండు లక్ష్యాలు

షికాగో విశ్వవిద్యాలయ తొలి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ డిగ్రీ చదువును జూనియర్, సీనియర్ కళాశాలలుగా విడదీశాడు. మొదటి రెండేళ్లు ముగించినవాళ్లకు 1900 ప్రాంతంలో అసోసియేట్ పట్టా ఇవ్వడం మొదలైంది. చదువు కొనసాగించలేనివాళ్లు గౌరవంగా ఆగిపోవడానికి ఒక మజిలీ, విశ్వవిద్యాలయం పరిశోధన మీద దృష్టి పెట్టడానికి ఒక వెసులుబాటు, ఈ రెండూ ఆయన ఆలోచనలో ఉన్నాయి. 1901లో హార్పర్, హైస్కూలు ప్రిన్సిపాల్ జె. స్టాన్లీ బ్రౌన్ చొరవతో ఇల్లినాయ్‌లో జోలియట్ జూనియర్ కాలేజీ ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అదే మొదటిది. కాలిఫోర్నియా 1907లో చట్టం చేసి హైస్కూళ్లలోనే కాలేజీ స్థాయి తరగతులకు అనుమతిచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 నాటి జీఐ బిల్లు చదువు ఖర్చు భరించింది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన కమిషన్, ఇంటికి దగ్గరలో ప్రతి ఒక్కరికీ అందే రెండేళ్ల కళాశాలలను దేశమంతటా పెట్టాలని చెప్పింది. ‘కమ్యూనిటీ కాలేజీ’ అన్న పేరు జనంలోకి వెళ్లింది ఆ నివేదికతోనే. 1960ల పదేళ్లలో నాలుగు వందలకు పైగా ఇలాంటి కళాశాలలు కొత్తగా వెలిశాయి.

1960 నాటి కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్ ఈ వ్యవస్థకు చట్ట రూపమిచ్చింది. హైస్కూలు విద్యార్థుల్లో పై 12.5 శాతానికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, మిగిలిన అందరికీ కమ్యూనిటీ కాలేజీ. కింది మెట్టు నుంచి పైకి బదిలీ అయ్యే హక్కు ఉంటుందన్న హామీ మీదే ఆ విభజన న్యాయమనిపించుకుంది. హామీ ఎంతవరకు నిలబడిందన్నదే తర్వాతి అరవై ఏళ్ల చర్చకు మూలం.

ద్వారమా, దారి మళ్లింపా?

మాస్టర్ ప్లాన్ వచ్చిన ఏడాదే సామాజికశాస్త్రవేత్త బర్టన్ క్లార్క్ సాన్ హోసే జూనియర్ కాలేజీని అధ్యయనం చేసి ఒక వ్యాసం రాశాడు. పెద్ద ఆశలతో చేరిన విద్యార్థిని ఎవరూ మొహం మీద వెళ్లగొట్టరు. పరీక్షలు, కౌన్సెలింగు, మెల్లమెల్లగా వచ్చే సలహాల ద్వారా అతని ఆశనే తగ్గిస్తారు. చివరికి చిన్న లక్ష్యంతో సరిపెట్టుకోవడం తన నిర్ణయమేనని అతను నమ్ముతాడు. ఆశలను ఇలా చల్లార్చడం ఈ కళాశాలల అప్రకటిత విధి అని క్లార్క్ అన్నాడు. ఆయన దాన్ని తిట్టడానికి చెప్పలేదు, జరుగుతున్నది వర్ణించాడంతే. విమర్శకుల చేతిలో మాత్రం అదే పెద్ద ఆయుధమైంది.

1989లో సామాజికశాస్త్రవేత్తలు స్టీవెన్ బ్రింట్, జెరోమ్ కారబెల్ ‘ది డైవర్టెడ్ డ్రీమ్’ పుస్తకంలో ఈ వాదాన్ని చరిత్రలోకి తీసుకెళ్లారు. విద్యార్థులు కోరుకున్నది పైచదువు. కళాశాలల నాయకత్వం మాత్రం విశ్వవిద్యాలయాలతో పోటీలో నెగ్గలేక, వృత్తి కోర్సులను తమ ప్రత్యేక రంగంగా దశాబ్దాల పాటు పెంచుకుంటూ వచ్చింది. 1970ల దాకా విద్యార్థులే దానికి ఎదురు నిలిచారని వారు చూపించారు.

దీనికి ఎదురు పక్షం బలహీనమైంది కాదు. రాత్రి తరగతికి వచ్చే ఇద్దరు పిల్లల తల్లికి, పగలంతా గిడ్డంగిలో పనిచేసే యువకుడికి కమ్యూనిటీ కాలేజీ లేకపోతే దొరికేది హార్వర్డ్ కాదు, అసలు ఏ కాలేజీ దొరకదు. ఆర్థికవేత్త సిసిలియా రౌజ్ 1995లో ఇదే ప్రశ్నను గణాంకాలతో పరిశీలించి, ఈ కళాశాలలు రెండు పనులూ చేస్తున్నాయని తేల్చారు. నాలుగేళ్ల కాలేజీకి వెళ్లగలిగే కొందరిని అవి దారి మళ్లిస్తాయి. అసలు కాలేజీకే వెళ్లని ఎందరినో చదువులోకి లాగుతాయి. అదే ఏడాది ఆమె, థామస్ కేన్ కలిసి వెలువరించిన మరో అధ్యయనం ఇంకా ఆశ్చర్యకరమైనది. రెండేళ్ల కాలేజీలోనైనా నాలుగేళ్ల కాలేజీలోనైనా, ఒక ఏడాది క్రెడిట్లకు సంపాదన సుమారు 5 శాతం పెరుగుతోంది. అంటే తరగతి గదిలో నేర్చుకున్నదానికి బజారు ఇచ్చే ధర రెండుచోట్లా దాదాపు ఒకటే.

మూడో పక్షం పాతికేళ్లుగా బలపడింది. కొలంబియా విశ్వవిద్యాలయ టీచర్స్ కాలేజీలోని పరిశోధకులు థామస్ బెయిలీ, షానా జాగర్స్, డేవిస్ జెంకిన్స్ 2015 పుస్తకంలో, ద్వారమా మళ్లింపా అన్న వాదన పక్కన పెట్టి లోపలి నిర్మాణం చూడమన్నారు. వందల కోర్సులు పరిచి, నీకు కావాల్సినవి ఏరుకో అని వదిలేస్తే, ఇంట్లో కాలేజీ చదివినవాళ్లు లేని పిల్లలు తప్పిపోతారు. గమ్యం నుంచి వెనక్కి లెక్కగట్టి, ఏ టర్ములో ఏ కోర్సో ముందే గీసిచ్చే స్పష్టమైన మార్గాలు కావాలన్నది వారి వాదన.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే, ద్వారమనే పక్షం ఏ కాలేజీలోనూ చేరని వారితో పోల్చి లాభం చూస్తుంది. దారి మళ్లింపనే పక్షం నేరుగా నాలుగేళ్ల కాలేజీలో చేరినవారితో పోల్చి నష్టం చూస్తుంది. మూడో పక్షం అదే విద్యార్థికి మెరుగైన ఏర్పాటు ఉంటే ఏమయ్యేదని అడుగుతుంది. ఎవరితో పోల్చాలన్నది మారితే జవాబు మారుతోంది. మూడో ప్రశ్నే అన్నింటికన్నా పనికొచ్చేదని నా అభిప్రాయం, ఎందుకంటే దానికి మాత్రమే కళాశాల చేయగల పని అంటూ ఒకటి ఉంది.

రెండేళ్ల నుంచి నాలుగేళ్లకు: క్రెడిట్లు రాలిపోయే చోటు

కమ్యూనిటీ కాలేజీలో చేరే పది మందిలో ఎనిమిది మంది దాకా బ్యాచిలర్స్ చేయాలనే వస్తారు. వాళ్లలో నాలుగేళ్ల కాలేజీకి మారేది మూడో వంతు లోపే. చేరిన ఆరేళ్లలో బ్యాచిలర్స్ చేతికొచ్చేది నూటికి సుమారు 16 మందికి. ఈ అంతరాన్ని మించిన ఆరోపణ ఈ వ్యవస్థ మీద మరొకటి లేదు.

ఎక్కడ పోతున్నారు? అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017 నివేదికలో ఒక పెద్ద కారణం బయటపెట్టింది. 2004-09 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారు. ఈ లెక్కలో అన్ని రకాల బదిలీలూ ఉన్నాయి. ప్రభుత్వ కాలేజీల మధ్య మారినవారికి నష్టం తక్కువ, కానీ నష్టమే లేదనలేం.

ఇక్కడ విద్యార్థులు, తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. క్రెడిట్లు తీసుకుంటామని విశ్వవిద్యాలయం చెప్పడం వేరు, వాటిని మేజర్‌లో, అంటే ఎంచుకున్న ప్రధాన విభాగంలో, లెక్కించడం వేరు. చాలాచోట్ల పాత కోర్సులను ఎలెక్టివ్ ఖాతాలో వేసి, మేజర్‌కు కావాల్సిన కోర్సు మళ్లీ చదవమంటారు. మార్కుల పత్రం మీద 60 క్రెడిట్లూ కనిపిస్తాయి, డిగ్రీ మాత్రం రెండేళ్లలో రాదు. ఇంజినీరింగులో ఇది మరీ ప్రాణం తీస్తుంది. కాల్‌క్యులస్ వరుస, భౌతికశాస్త్రం, లీనియర్ ఆల్జీబ్రా ముగించకుండా మారితే మూడో ఏడాదిలో చేరినట్టే ఉంటుంది గానీ, చదివేది రెండో ఏడాది పాఠాలే. ఏ కోర్సు దేనికి సమానమో తేల్చేది అవతలి విభాగపు అధ్యాపకులు. విద్యార్థికి దారి చెప్పాల్సిన కౌన్సెలర్ ఒక్కరి మీద వందల మంది భారం ఉంటుంది.

దీన్ని చక్కదిద్దిన రాష్ట్రాలు లేకపోలేదు. ఫ్లోరిడా 1971లోనే రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ అన్న ఒప్పందాన్ని రాష్ట్రమంతటికీ వర్తింపజేసింది. అక్కడ ప్రభుత్వ కళాశాలలన్నింటిలో ఒకే కోర్సుకు ఒకే సంఖ్య ఉంటుంది. అసోసియేట్ ఇన్ ఆర్ట్స్ పట్టా ఉంటే ఏదో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సీటు ఖాయం, ఏ విశ్వవిద్యాలయమన్నది ఖాయం కాదు. కాలిఫోర్నియా 2010లో ఎస్‌బీ 1440 చట్టంతో బదిలీ కోసమే ప్రత్యేక అసోసియేట్ డిగ్రీ తెచ్చింది. ఇక్కడ 60 యూనిట్లు ముగిస్తే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో మరో 60 యూనిట్లు చాలు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పద్ధతి వేరు. డేవిస్, ఇర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు షరతులు నెరవేర్చినవారికి ప్రవేశ హామీ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియెగోలలో ఆ హామీ లేదు.

తగాదా ఇప్పుడు మరో దిక్కుకు మళ్లింది. బదిలీ ఇంత కష్టమైనప్పుడు కమ్యూనిటీ కాలేజీయే బ్యాచిలర్స్ ఇవ్వకూడదా? ఫ్లోరిడా 2001లో ఈ పని మొదలుపెట్టింది. కాలిఫోర్నియా 2021లో ఏబీ 927తో దీన్ని శాశ్వతం చేసింది. స్టేట్ యూనివర్సిటీలేమో తాము ఇస్తున్న డిగ్రీలనే వీళ్లూ ఇస్తున్నారని అభ్యంతరం చెబుతున్నాయి. ఇంటికి దూరంగా వెళ్లలేని విద్యార్థి పక్షాన చూస్తే ఆ అభ్యంతరానికి నాకు పెద్ద బలం కనిపించదు.

ఉద్యోగం వైపు: ఏ డిగ్రీ అన్నదానికన్నా ఏ వృత్తి అన్నదే

అమెరికా కార్మిక గణాంక సంస్థ లెక్కలో 2023లో అసోసియేట్ పట్టా ఉన్నవారి మధ్యగత వారపు సంపాదన 1,058 డాలర్లు. హైస్కూలుతో ఆగినవారికి 899, బ్యాచిలర్స్ ఉన్నవారికి 1,493. పైమెట్టుకన్నా కిందిమెట్టుకే దగ్గరగా ఉన్న ఈ అంకె చూసి చాలామంది పెదవి విరుస్తారు.

కానీ మధ్యగతం వెనక రెండు లోకాలున్నాయి. పళ్ల శుభ్రత, చిగుళ్ల సంరక్షణ చూసే డెంటల్ హైజీనిస్టుకు కావాల్సింది మామూలుగా అసోసియేట్ డిగ్రీ, దాంతోపాటు రాష్ట్ర లైసెన్సు. 2023లో వాళ్ల మధ్యగత వార్షిక జీతం 87 వేల డాలర్లు దాటింది. ప్రీస్కూలు ఉపాధ్యాయురాలికీ మామూలుగా అడిగేది అసోసియేట్ డిగ్రీయే. ఆమె జీతం 37 వేల డాలర్ల దగ్గర ఉంది. ఒకే మెట్టు చదువుకు జీతంలో రెండింతలకు మించిన తేడా. ఒకచోట లైసెన్సు కాపాడుతోంది. మరోచోట పసిపిల్లల చదువుకు సమాజం కట్టిన విలువ అంతే. ఈ రెండో సంగతి ఏ విద్యా సంస్కరణా మార్చలేనిది.

నర్సింగ్ కథ ఈ మొత్తం చర్చకు చిన్న నమూనా. యుద్ధానంతర నర్సుల కొరత తీర్చడానికి నర్సింగ్ విద్యావేత్త మిల్డ్రెడ్ మాంటాగ్ రెండేళ్ల నర్సింగ్ కోర్సును ప్రతిపాదించింది. 1952లో ప్రయోగాత్మకంగా మొదలైంది. రెండేళ్ల పట్టా వాళ్లూ నాలుగేళ్ల పట్టా వాళ్లూ రాసేది ఒకే లైసెన్సు పరీక్ష, ఎన్‌క్లెక్స్. పరీక్ష ఒకటే కాబట్టి పట్టాలూ సమానమే అనిపించింది. 2010లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, 2020 నాటికి నర్సుల్లో 80 శాతానికి బ్యాచిలర్స్ ఉండాలని సూచించింది. పెద్ద ఆసుపత్రులు అదే అడగసాగాయి. 2017లో న్యూయార్క్ రాష్ట్రం కొత్త నర్సులు పదేళ్లలోగా బ్యాచిలర్స్ పూర్తిచేయాలని చట్టం చేసింది. లైసెన్సు పరీక్ష మారలేదు, ఆసుపత్రుల అవసరాలు మారాయి, దాంతో పట్టా విలువా మారిపోయింది. పనిచేస్తూనే ఆన్‌లైన్‌లో బ్యాచిలర్స్ ముగించే కోర్సులు ఈ మార్పు తర్వాత విరివిగా పెరిగాయి.

పూర్తిచేయించడం ఎలా?

2014లో టెనెసీ తన ప్రామిస్ పథకంతో హైస్కూలు ముగించినవారికి కమ్యూనిటీ కాలేజీ ట్యూషన్ ఉచితం చేసింది. మరుసటి ఏడాది ఒబామా దాన్ని దేశమంతటికీ ప్రతిపాదించాడు. కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన జిల్ బైడెన్ దీనికోసం గట్టిగా నిలబడ్డారు. కాంగ్రెస్‌లో మాత్రం అది ఆగిపోయింది.

ఫీజు మాఫీ ఒక్కటే సరిపోదని న్యూయార్క్ నగరం చూపించింది. సిటీ యూనివర్సిటీలో 2007లో మొదలైన ఏశాప్ పథకం విద్యార్థిని పూర్తికాలం చదవమంది. దానికి బదులుగా తక్కువ మందిని చూసుకునే సలహాదారు, మెట్రో కార్డు, పుస్తకాల ఖర్చు, మిగిలిన ఫీజు మాఫీ ఇచ్చింది. లాటరీ పద్ధతిలో చేసిన పరీక్షలో, మూడేళ్లలో పట్టా పొందినవారు పథకం లేనివారిలో 22 శాతం, పథకంలో ఉన్నవారిలో 40 శాతం. ఒహైయోలో చేసిన పునఃప్రయోగంలోనూ దాదాపు ఇలాగే వచ్చింది. ఈ రంగంలో ఇంత గట్టి ఆధారం ఉన్న జవాబు మరొకటి లేదు. తలకు అయ్యే ఖర్చు పెరుగుతుందన్న కారణంతో చాలా రాష్ట్రాలు ఇంకా తటపటాయిస్తున్నాయి.

తెలుగు కుటుంబాలకు పనికొచ్చే సంగతులు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ కోర్సులు చేయడం మామూలైంది. కొందరు పన్నెండో తరగతితోపాటే అసోసియేట్ పట్టా అందుకుంటున్నారు. ఇందులో లాభముంది, పరిమితీ ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అలాంటి విద్యార్థిని బదిలీ అభ్యర్థిగా కాక కొత్త విద్యార్థిగానే చూస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో పేరున్నవి చాలావరకు ఆ క్రెడిట్లను లెక్కలోకి తీసుకోవు.

హెచ్-4 వీసా మీద వెళ్లిన జీవిత భాగస్వామి వీసా మార్చుకోకుండానే చదువుకోవచ్చు. ఉద్యోగానికి మాత్రం విడిగా అనుమతి కావాలి, అది అందరికీ రాదు. కాబట్టి లైసెన్సు వృత్తులవైపు వెళ్లేవారు చదువు ముగిసే నాటికి పని అనుమతి వస్తుందా అన్నది ముందే చూసుకోవాలి. ఇంటర్ తర్వాత ఇక్కడినుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లేవారికి అసోసియేట్ డిగ్రీ మీద ఏడాది ఓపీటీ, అంటే చదివిన రంగంలో తాత్కాలికంగా పనిచేసే అనుమతి, దొరుకుతుంది. సైన్సు, ఇంజినీరింగు వంటి విభాగాలకు ఇచ్చే స్టెమ్ పొడిగింపు మాత్రం బ్యాచిలర్స్ నుంచి పైకే. హెచ్-1బీ ఉద్యోగ వీసాకు కూడా మామూలుగా బ్యాచిలర్స్ లేదా సమానమైన అర్హత అడుగుతారు. మన దగ్గర మూడేళ్ల డిగ్రీ అడిగే ఉద్యోగాలకు, పీజీ ప్రవేశాలకు కూడా ఈ పట్టా ఒక్కటే చాలదు. విదేశీ విద్యార్థికి ఇది మెట్టే తప్ప మజిలీ కాదు.

తేలనివి, మనకు తగిలేవి

రెండు ప్రశ్నలు ఇంకా నలుగుతున్నాయి. బదిలీకి ముందు అసోసియేట్ పట్టా పూర్తిచేయడం మంచిదా? హామీ చట్టాలున్న రాష్ట్రాల్లో మంచిదే. అవి లేనిచోట మేజర్‌కు పనికిరాని కోర్సులు పట్టా కోసం చదివి ఆలస్యమయ్యే ప్రమాదముంది. వెనకబడినవారికి క్రెడిట్ రాని సన్నాహక తరగతులు ఉంచాలా? ఫ్లోరిడా 2013లో, కాలిఫోర్నియా 2017లో వాటిని బాగా కుదించాయి. కాలేజీ గణితం ముగించేవారు పెరిగారు. బాగా బలహీనమైన విద్యార్థులకు ఇది మేలు చేసిందా అన్నచోట పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు.

ఈ చర్చ మన గుమ్మంలోకీ వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం డిగ్రీ విద్యార్థి రెండేళ్ల తర్వాత యూజీ డిప్లొమాతో బయటికి రావచ్చు. క్రెడిట్లు అకడమిక్ బ్యాంకులో నిలవ ఉంటాయి. అమెరికా అనుభవం అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ డిప్లొమాను ఎవరు, ఏ నిబంధన కింద అందుకుంటారు? మన పాలిటెక్నిక్ డిప్లొమాకు ఈ జవాబు ఎప్పటినుంచో ఉంది. ఈసెట్‌లో ర్యాంకుతో సీటొస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. జూనియర్ ఇంజినీరు కొలువుల ప్రకటనల్లో దాని పేరు రాసి ఉంటుంది. అందుకే పదో తరగతి పాసైన పిల్లవాడి తండ్రి దాన్ని నమ్మి చేర్పిస్తాడు. రెండేళ్ల యూజీ డిప్లొమాకు అలాంటి ఉద్యోగ ప్రకటనలు, అలాంటి ప్రవేశ నిబంధనలు రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు ముందుగా రాసిపెట్టాలి. ఆ తర్వాతే పిల్లలకు మధ్యలో దిగిపోవచ్చని చెప్పాలి.